మాస్టారి కప్పగంతు

మా తాతయ్య గోవిందయ్య మాస్టారికి లోకంలో సగం వస్తువులంటే అసహ్యం. క్రోసూరులో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైనా, ఆయన జేబులో ఎర్రపెన్ను మాత్రం రిటైరు కాలేదు. ఇంటికొచ్చిన శుభలేఖల్లో కూడా తప్పులు దిద్ది, పులిసిన మజ్జిగ వాసన చూసినట్టు ముక్కు చిట్లించి అవతల పడేస్తాడు. ఆయన క్లాసులో నవ్వి బతికినవాళ్లు లేరు. అలాంటి మనిషికి మా అక్క లహరి పెద్ద పరీక్షే పెట్టింది. అక్కకి చైనాలో పసిపిల్లలకు ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం వచ్చేలా ఉంది. అదే మొదటి ఉద్యోగం. కానీ ఆటపాటలతో పాఠం చెబుతున్న వీడియో ఒకటి సాయంత్రంలోగా పంపాలి. చూస్తే వీధిలో పిల్లలంతా బడికి పోయారు.

"తాతయ్యా, నువ్వే నా స్టూడెంటువి. నేను ఫ్రాగ్ అనంగానే గెంతాలి" అంది అక్క, తలకు కుందేలు చెవులు తగిలించుకుని.

"థూ! ఇది చదువా, పగటివేషమా? ముందు ఆ చెవులు తియ్యి."

"తీస్తే ఉద్యోగం రాదు తాతయ్యా."

తాతయ్య కళ్లజోడు తీసి పక్కన పెట్టి, పంచె ఎగగట్టి, ఆముదం తాగిన మొహంతో మూడుసార్లు గెంతాడు.

వారానికి ఉద్యోగం ఖాయమైంది. వెళ్లేలోగా కాస్త చెయ్యి తిరుగుతుందని, ఆదివారం అక్క పక్కింటి పిల్లల్ని వసారాలో కూర్చోబెట్టింది. ముందు వరసలో తాతయ్య బాసింపట్టు వేసుకుని ఉన్నాడు.

"ఏందే ఆలస్యం?" అన్నాడు అసహ్యంగా. "ఇయ్యాల ఏ జంతువో చెప్పి చావు."