నెట్‌వర్క్ పోయిన సారు

నా చిన్నప్పుడు, కరోనా వచ్చి సూరత్‌లో బళ్ళన్నీ ఫోన్లలోకి దూరిన రోజుల్లో, నేను ఒక విద్యలో బాగా ఆరితేరాను. ఇంగ్లీషు సారు నా పేరు పిలవగానే వీడియో ఆపేసి, కాసేపయ్యాక నెట్‌వర్క్ పోయిందని రాసి పెట్టడం. జవాబు తెలియక కాదు, తప్పు మాట్లాడితే నవ్వుతారని. ఇంట్లో తెలుగు, వాడలో హిందీ, దుకాణంలో గుజరాతీ గలగలా మాట్లాడే పిల్లనే అయినా, ఇంగ్లీషు అనేసరికి నాలుక పిడచకట్టుకుపోయేది.

సారు మంచివారే, ఓపికే తక్కువ. "హలో, హలో" అని రెండు కేకలు వేసి ఇంకొకరి పేరు పిలిచేవారు. చివరికి ఒకరోజు మా అమ్మకు ఫోన్ చేసి, హిందీలో, పాప నోరు విప్పడం లేదు, ఇంగ్లీషు బడి తనకు సరిపడుతుందో లేదో ఆలోచించుకోండి అన్నారు. మా బాపు ఖటోదరాలో సాంచాలు నడిపేవాడు. ఎన్నో రోజులు మూతబడ్డ ఆ మరమగ్గాలు అప్పుడప్పుడే మళ్ళీ మొదలయ్యాయి. పని నుంచి అలసి వచ్చిన మనిషి ఎక్కువ ఆలోచించలేదు. "గింత తిప్పలెందుకు? వచ్చే నెల నుంచి మాన్పిద్దాం" అన్నాడు. నేను గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను. మాట్లాడకపోతేనేం, ఆ బడి అంటే నాకు ప్రాణం.

మా అమ్మ వెళ్ళి పక్కింటి అక్కతో మొరపెట్టుకుంది. అక్క వాళ్ళదీ మాలాగే కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం. మా బళ్ళోనే చిన్న తరగతులకు ఇంగ్లీషు చెప్పేది. ఆ వారమే ఇంగ్లీషు టీచర్లకు ఏదో శిక్షణ పెట్టారు, మధ్యాహ్నం పూట గంటసేపు, అదీ ఫోన్‌లోనే. "జర వచ్చి నా పక్కకు కూసో. కెమెరాల పడకు, సప్పుడు చెయ్యకు" అంది అక్క నాతో. ఇంగ్లీషు వింటే భయం పోతుందనుకుందేమో.

శిక్షణ ఇచ్చేది నెరిసిన జుట్టున్న ఒక గుజరాతీ పెద్దావిడ. అందరినీ తలా ఒక పిండిముద్ద దగ్గర పెట్టుకోమని ముందురోజే చెప్పిందట, ఎందుకో మాత్రం చెప్పలేదట. తెరమీద చిన్న చిన్న గళ్ళలో టీచర్లు, ఒక్కొక్కరి ముందు గోధుమపిండి. అందులో ఒక గడిలో మా సారు! నేను చటుక్కున గోడకు కరుచుకుపోయాను.

అప్పుడు పెద్దావిడ మెలిక పెట్టింది. ఈరోజు పాఠం ఇంగ్లీషులో కాదు, ఇక్కడ మిగతావాళ్ళెవరికీ రాని భాషలో. ఆ భాష తప్ప ఇంకో భాష మాట ఒక్కటి దొర్లకూడదు. చెప్పాల్సింది అక్క, తెలుగులో. బళ్ళో పొరపాటున కూడా తెలుగు మాట రానివ్వని అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. అటూ ఇటూ చూసి, చివరికి వంటగట్టు మీద నుంచి గిన్నె అందుకుంది. మా ఇళ్ళలో బియ్యప్పిండితో గిన్నెలోనే కాల్చే సర్వపిండి ఎలా ఒత్తుతారో, ఆ గోధుమ ముద్దతోనే చెప్పడం మొదలుపెట్టింది.

"ముద్ద" అని ముద్ద చూపించింది. "ఒత్తు" అంటూ గిన్నె అడుగున పరిచి వేళ్ళతో ఒత్తింది. నూనె దిగడానికి వేలితో గుచ్చి "చిల్లు" అంది. అంత పెద్ద పెద్ద టీచర్లు ఒకటో తరగతి పిల్లల్లా ముద్ద, ఒత్తు అంటూ వేళ్ళు పిండిలో ముంచారు. నేను రోజూ వినే మాటలు వాళ్ళకు అంత బరువయ్యాయా అని నోరు తెరుచుకుని చూశాను.

అక్క వేలు చిల్లు దగ్గర ఆపి, మా సారు పేరు పిలిచి, "ఏంది ఇది?" అని అడిగింది. సారు నోరు తెరిచి మూశారు. చెవులు ఎర్రబడ్డాయి. మరుక్షణం ఆయన గడి నల్లగా అయిపోయింది. కింద అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి: నెట్‌వర్క్ ప్రాబ్లెమ్.

ఆ నల్లటి గడి లోపల ఏం జరుగుతోందో ఆ మందిలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నేను పులిని చూసినట్టు భయపడే మనిషి, ఆ క్షణాన, అచ్చం నేనే.

అక్క హలో హలో అనలేదు. ఇంకొకరిని పిలవనూ లేదు. "ఏం గాదు సార్, ఆగుతా" అని నెమ్మదిగా అని, వేలు అలాగే చిల్లు దగ్గర పెట్టుకుని, చిన్నగా నవ్వుతూ కూర్చుంది. పెద్దావిడ కూడా తొందరపెట్టలేదు. ఎంతసేపో తెలియదు, నాకైతే యుగంలా గడిచింది. గడి వెలిగింది. సారు పిండి అంటిన వేలు పైకెత్తి, గొంతు సవరించుకుని, "చిల్లు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మొహంలో వచ్చిన వెలుగు చూసి నాకెందుకో కన్నీళ్ళు ఆగలేదు. అక్క నావైపు ఒక్కసారి చూసింది.

మర్నాడు క్లాసులో సారు, పొద్దున ఏం తిన్నావని ఇంగ్లీషులో నన్ను అడిగారు. అలవాటుగా వేలు వీడియో ఆపే గుర్తు మీదికి పోయింది. హలో అనే కేక కోసం చూశాను. రాలేదు. సారు ఊరికే కూర్చున్నారు, నవ్వుతూ, తనకింకే పనీ లేనట్టు. ఆ మౌనం అక్కది. నాకు వెంటనే తెలిసిపోయింది. వేలు వెనక్కి తీసుకుని, "ఐ ఈట్ సర్వపిండి" అన్నాను. సారు కళ్ళు పెద్దవయ్యాయి. క్లాసులో ఎవరికీ అర్థం కాని ఒక్క మాట, ఎంతో గొప్పగా, నాకోసమే అన్నారు: "చిల్లు?"

"యెస్ సార్, మెనీ చిల్లు" అన్నాను.

ఆ సాయంత్రం సారే మా బాపుకు ఫోన్ చేసి, బడి మాన్పించొద్దని చెప్పారు. ఆయన గడి నల్లబడటం నేను చూశానని ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

ఇప్పుడు నా జుట్టు ఆ పెద్దావిడ జుట్టుకన్నా తెల్లబడింది. ఏదైనా అడిగినప్పుడు మనవరాలు తలొంచుకుంటే, పక్కనున్నవాళ్ళు జవాబు అందివ్వబోతారు, తొందరపెడతారు. నేను చెయ్యెత్తి వాళ్ళను ఆపుతాను. ఏం కాదు, ఆగుతాను. ఆ చీకటి గడిలో ఎవరో గొంతు సవరించుకుంటున్నారని నాకు తెలుసు.