మాస్టారు కొట్టెయ్యని వాక్యం

మంగళవారం పొద్దున యాంగోన్‌లోని మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా మాస్టారు పోయారు. జీవితమంతా పనిచేసిన మట్టి పరీక్షల ఆఫీసు నుంచి ఒక్క పూలదండ రాలేదు. పీడా పోయింది! వచ్చి ఉంటే నేనే వీధిలోకి విసిరేసేదాన్ని.

నేను ఆయన దగ్గర సహాయకురాలిని, ఇద్దరం బర్మా తెలుగువాళ్లమే. దక్షిణాన ఒక చిత్తడి అడవి ఉంది. ఆకులూ వేళ్లూ నీళ్లలో నాని, పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న నల్లటి పీట్ నేల అది. పైవాళ్లు కాలవలు తవ్వించి నీరంతా తీసేశారు, వరసగా చెట్లు నాటించారు. పచ్చగా ఉంది కదా, ఇంకేం కావాలన్నారు. మాస్టారు మాత్రం బిస్కెట్ల డబ్బాలు ఆ మట్టిలోకి బోర్లించి, మోకాళ్లతో అదిమి, లోపల చేరిన గాలిని సిరంజితో లాగి సీసాల్లో పట్టేవారు. ఆ సీసాలు ఒళ్లో పెట్టుకుని బస్సులో యాంగోన్ తెచ్చేవారు. కరెంటు ఉన్నప్పుడే మిషన్ మీద పరీక్ష.

"సూడమ్మా, నీరు పోయింది, గాలి దూరింది. నేలలో ఉన్న నత్రజని నైట్రస్ ఆక్సైడ్ అయిపోయి ఎగిరిపోతంది. పళ్ల డాక్టరు పట్టే నవ్వుల గేసు ఇదే. బూమిని ఉడికించేదీ ఇదే" అనేవారు.

రిపోర్టులో అదే రాశారు. ఆఫీసరు ఆ వాక్యం కొట్టెయ్యమన్నాడు.

"చెట్లు నాటిన చోట నష్టమని రాస్తారా, సయా?"

బర్మాలో గురువుని అలాగే పిలుస్తారు, ఆ మర్యాదకేం లోటు లేదు! మాస్టారు నావైపు తిరిగి తెలుగులో అన్నారు: "కనబడదు కాబట్టి లేదంటాడు. ఈడి ఊపిరి ఈడికి కనబడతందేటి?"

ఆయన సంతకం పెట్టలేదు. వారంలో ఆయన్ని గోనెసంచుల గోదాముకి పంపేశారు. వాక్యం కొట్టేసిన రిపోర్టు నా ముందుకొచ్చింది. మంచం పట్టిన అమ్మ, సర్కారు క్వార్టరు. సంతకం పెట్టేశాను. సిగ్గుతో చచ్చిపోతూ ఆయన దగ్గరికెళ్లి ఏడ్చాను.

"ఏడుపెందుకే పిచ్చిపిల్లా? అమ్మ కోసం పెట్టీసినావు. ఆ వాక్యం మర్చిపోకు, సాలు."

ఆ తర్వాత టీ కొట్లో ఎప్పుడు కలిసినా ముందు ఆ వాక్యం నాచేత అప్పజెప్పించుకుని, అప్పుడే టీ తాగనిచ్చేవారు. ఎంత మొండి మనిషో!

అమ్మ పోయి రెండేళ్లయింది. క్వార్టరు లాక్కుంటే లాక్కోనివ్వండి. మాస్టారి వాక్యం ఇది: "నీరు తీసేసిన ఈ నేల నుంచి నైట్రస్ ఆక్సైడ్ పోతోంది, పైన చెట్లున్నా ఆగడం లేదు, కాలవలు పూడ్చి నీరు నిలబెట్టాలి."

రిపోర్టు మీద నా సంతకం అబద్ధం. తెలుగులో రాశాను కాబట్టి ఆ ఆఫీసరుకి ఇది చదవడం రాదు. ఎవరిచేతనైనా చదివించుకోమనండి. నేను ఇంట్లోనే ఉంటాను, వీధి తలుపు బార్లా తీసి.