బడి టీవీలో మిరప తోట

మా మేడ మీది గదిలో మూడేళ్ళుగా అద్దెకుంటున్న హిమజ తండా బడిలో టీచరు. ఆ తండా మా పెద్దవంగరకు నాలుగు కిలోమీటర్లు. జనగామలో వాళ్ళ నాన్నకు హోల్‌సేల్ కిరాణా దుకాణం ఉంది. వచ్చిన మొదటి వారంలోనే ఆమె జీతం ఎంతో, పెళ్ళి ఎందుకు చేసుకోలేదో, తలకు ఏ నూనె రాస్తుందో అన్నీ అడిగాను. విసుక్కోకుండా అన్నిటికీ జవాబు చెప్పింది. ఒక్క సంగతే నాకు అంతుబట్టలేదు. బడి నుంచి రాగానే కంప్యూటర్ ముందేసుకుని ఏవో బొమ్మలు కదుపుతూ కూర్చునేది.

"గా ఆటలేంది బిడ్డా? పిల్లల పేపర్లు దిద్దేది లేదా?" అన్నాను ఒకరోజు.

"ఆడుతలేను కౌసల్యవ్వా, పిల్లల కోసం ఆట తయారుచేస్తున్న. జర నువ్వే ఆడి చూడు" అని మౌసు నా చేతిలో పెట్టింది.

తెర మీద దున్నిన చేను. ఎనిమిది సాళ్ళు, సాలుకు ఆరు మిరప మొక్కలు, మొత్తం ఎంత నారు కావాలి అని అడుగుతోంది. నేను చదివింది ఐదో తరగతే అయినా నలభై ఎనిమిది అని వెంటనే చెప్పేశాను. మొక్కలు వాటంతట అవే నాటుకున్నాయి. ఇక నీళ్ళు పెట్టాలి. పంపు మీద నొక్కినకొద్దీ మొక్కలు ఏపుగా లేచాయి. నేను నొక్కుతూనే ఉన్నాను. మిరపకు ఇన్ని నీళ్ళు పెడితే నిలుస్తుందా అని మనసులో అనుకున్నాను కానీ, బొమ్మ చెట్టే కదా అని పైకి అనలేదు.

మర్నాడు ఉండబట్టలేక ఆటో ఎక్కి బడికి పోయాను. ఇరవై ముగ్గురు పిల్లలు, ఒక టీవీ, ఒకే మౌసు. అందరికీ ఎట్లా సరిపోతుందా అని చూస్తే, హిమజ ఒక పద్ధతి పెట్టింది. ఒకరు చెయ్యి, ఒకరు నోరు. మౌసు పట్టుకున్న పిల్ల తనంతట తాను ఏమీ చేయకూడదు. నోరైన పిల్ల చెప్పిందే చేయాలి. మిగిలినవాళ్ళు లెక్క సరిచూడాలి. ఇంట్లో లంబాడీ భాష తప్ప ఎరగని పిల్లలకు నోరు వంతు వస్తే తెలుగు మాట వెతుక్కోక తప్పదు. మాట దొరక్కపోతే లంబాడీలో చెప్పినా హిమజ ఏమీ అనదు. పక్కవాళ్ళు ఆ మాటకు తెలుగు అందిస్తారు.

మూడో తరగతి రామిని ఆ రోజే మొదటిసారి చూశాను. రెండేళ్ళుగా బడిలో పెదవి విప్పని పిల్ల అట. నోరు వంతు రాగానే లేచి నిలబడి, "నీళ్ళు పెట్టు. ఇంక పెట్టు. ఇంక జర" అని చెయ్యి వంతు పిల్లాడిని హడలగొట్టేసింది. హిమజ ముఖం చూడాలి అప్పుడు.

ఆగస్టులో రామి తండ్రి బీక్యా ఇంటి వెనక నాలుగు మడుల్లో మిరప నారు పోశాడు. ఆయనా, భార్య రుక్కీ పత్తి చేలో కలుపు కూలికి పోతూ, బడికి వరుసగా సెలవులు కావడంతో మధ్యాహ్నం కాసేపు పైపు వదలమని రామికి చెప్పారు. ఆ పిల్ల కాసేపుతో ఆగలేదు. మడి తర్వాత మడికి సాయంత్రం దాకా నీళ్ళు పారించింది. మూడు రోజులు అట్లాగే చేసింది. నాలుగో రోజుకు నారు మొదళ్ళు కుళ్ళి పడిపోయింది. ఎందుకు చేశావని అడిగితే, బడి టీవీలో ఇట్లాగే పెరుగుతాయని చెప్పిందట.

ఆ సాయంత్రం బీక్యా మా గేటు దగ్గర నిలబడ్డాడు. హిమజ మెట్లు దిగి వచ్చింది.

"నా బిడ్డ టీసీ ఇయ్యి టీచరమ్మా. మా తండాకు ప్రైవేటు బడి బస్సు వస్తున్నది. ఆడ గిసొంటి ఆటలుండయి."

"తప్పు రామిది కాదు బీక్యన్నా. ఆటను తప్పుగ తయారుచేసింది నేను."

"మంచిగనే మాట్లాడుతవు. నా నారు లేస్తదా?"

టీసీకి రేపు వస్తానని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. పాపం, నారు పడిపోయినప్పటి నుంచి రామి ఎవరితోనూ మాట్లాడటం లేదని కూడా పోతూ పోతూ చెప్పాడు.

నాకు మనసు ఊరుకోలేదు. "గన్ని నీళ్ళు పెట్టొద్దని నాకు ఎరుకనే బిడ్డా. బొమ్మ చెట్టే గదా అని ఊకున్న" అన్నాను.

హిమజ నా వైపు తిరిగింది. "రామి గట్ల అనుకోలేదు అవ్వా. నేను చూపెట్టింది నిజమే అనుకున్నది" అంది.

పొద్దున ఆరింటికే స్కూటీ తీసింది. నేనూ వెనక ఎక్కాను. బీక్యా ఇంటి వెనక మూడు మడులు పాడయ్యాయి. ఎత్తు మీదున్న ఒక్క మడి మిగిలింది. ఆ నారు అర ఎకరం నాటడానికే సరిపోతుందట. రామి తలుపు చాటున ఉంది. హిమజ ఆ బురదలోనే గొంతుక్కూర్చుంది.

"మూడు రోజులు ఆగు అన్నా. ఆట సరిచేస్త, వచ్చి చూడు. అప్పటికి తప్పున్నదంటే టీసీ నేనే తెచ్చి నీ చేతిల పెడుత. ముందుగాల నారుకు నీళ్ళు ఎంత పెట్టాలెనో చెప్పు."

"గింత సదువు సదివి నన్నడుగుతవేంది?"

"మిర్చి నేను బస్తాలల్లనే చూసిన. నారు చూసుడు ఇదే."

రుక్కికి నవ్వాగలేదు. "షావుకారోళ్ళ బిడ్డకు నారు ఏం ఎరుక" అంది. బీక్యా నవ్వలేదు కానీ మడిలోంచి ఇంత మట్టి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"పిడికిట్ల పట్టు. ముద్దయిందా? గట్లయితే నీళ్ళొద్దు. పొడిపొడి రాలితే పెట్టు. ఇంక గింతే."

మూడు పొద్దులూ ఆమె అక్కడికి పోయింది. సాయంత్రం ఇంటికి రాగానే కంప్యూటర్ ముందు కూర్చుంది. ఎంతమంది టీచర్లను చూశాను, తప్పు దిద్దడం వాళ్ళకు అలవాటు. తన తప్పును కూలి మనిషి ముందు పెట్టి దిద్దించుకున్న టీచరును ఈమెనే చూశాను.

నాలుగో రోజు బీక్యా ఉతికిన అంగీ వేసుకుని రామిని వెంటబెట్టుకుని బడికి వచ్చేసరికి నేనూ అక్కడే ఉన్నాను. హిమజ మౌసు తెచ్చి ఆయన చేతిలోనే పెట్టింది.

"నువ్వు చెయ్యి. రామి నోరు."

ఆయనకు ఆగే అలవాటు లేదు. నేరుగా పంపు మీదికి పోనిచ్చాడు. మిగిలిన పిల్లలు ఒక్క గొంతుతో, "చెయ్యి ఆగాలె, నోరు చెప్పాలె" అన్నారు. ఆయన వేడి పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పిల్లలంతా రామి వైపు చూశారు. ఆ పిల్ల తల ఎత్తలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. హిమజ కూడా మాట అందించలేదు. నాకే నాలుక దురద పెట్టింది, కానీ నోరు మూసుకుని కూర్చున్నాను.

కాసేపటికి రామి లంబాడీలో ఏదో అంది.

"ఏమన్నది అన్నా?" అని హిమజ అడిగింది.

"ముందు మట్టి చూడమంటున్నది."

బీక్యా నొక్కాడు. తెర మీద పిడికిలి మూసుకుని తెరుచుకుంది. లోపల మట్టి ముద్ద.

"ముద్దయింది. నీళ్ళొద్దు బాపు" అంది రామి, ఈసారి తెలుగులో.

బీక్యా మౌసు వదల్లేదు. సాలు సాలూ చూసుకుంటూ ఆట చివరిదాకా పోయాడు. అన్ని మొక్కలూ పచ్చగా, ఒక్క ఆకైనా చెడకుండా నిలబడి ఉన్నాయి. ఆయన ముఖం చిట్లించాడు. హిమజ బల్ల సొరుగు మీద చెయ్యి వేసింది. టీసీ అందులోనే ఉంది.

"ఇంక తప్పున్నదా అన్నా?"

"ఉన్నది. ఆకుముడత రోగం ఏది? రోగం రాని మిర్చి ఏడనన్న ఉంటదా?"

"ఆకు ముడుచుకుంటే ఎట్లుంటదో నాకు తెల్వదు."

"మా పక్క చేన్ల ఉన్నది" అని బీక్యా లేచి తువ్వాల భుజాన వేసుకున్నాడు. "రేపు తెంపి రామితోని పంపిస్త."