వెలగని లైటు

కార్ల ఇంజన్ కంప్యూటర్లు సవరించే ఆ మెకానిక్ లాప్‌టాప్ తెరిచేముందు సైలెన్సర్ దగ్గర అరచెయ్యి పెట్టి చూస్తాడు. ఒక్క సిలిండర్ సరిగ్గా మండకపోయినా పొగ చేతికి తడబడుతూ తగులుతుంది. "రిపేరెందుకన్నా, ఇంజన్లో లోపముందని చెప్పే ఆ లైటు వెలక్కుండా చేసెయ్, చాలు," అంటారు వచ్చినవాళ్లు. ఒకప్పుడు చిటికెలో చేసేవాడు. "ఆ లైటు చూస్తే భయమేస్తోందిరా తమ్ముడూ," అన్న అక్క కారుకీ అలాగే చేశాడు, తీరిక దొరికాక బాగుచేద్దామని. బాగైపోయిందనుకుంది అక్క. నెల తిరక్కుండానే, మండని పెట్రోలు సైలెన్సర్లో చేరి, దారిలో కారు అంటుకుంది, అక్క బయటపడలేకపోయింది. ఇప్పుడెవరైనా లైటు ఆర్పమంటే లాప్‌టాప్ మూసేస్తాడు. ఆర్పిన సంగతి తెలియని బావ మాత్రం వచ్చినప్పుడల్లా అదే మాట: "ఒక్క లైటైనా వెలగలేదురా! వెలిగుంటే బండి ఆపేసేది, పిచ్చిది."

"అవును బావా, వెలగలేదు," అంటాడతను, ప్రతిసారీ.