హేరోదు ఆట

డిసెంబరు నెల సగం దాటేసరికి మా పాప వెళ్లే ప్లేస్కూలు గడపలోనే జిగురూ, దూదీ, కొత్త రంగుకాగితాలూ కలిసిన వాసన ముక్కుకి తగులుతుంది. నరసరావుపేటలో చిన్న సందులో రెండు గదుల బడి అది. మూడేళ్ల పిల్లలూ నాలుగేళ్ల పిల్లలూ చాప మీద గుండ్రంగా కూర్చుని, కాగితం మీద గీసిన క్రిస్మస్ తాత గడ్డానికి దూది అంటిస్తుంటారు. చెంచాలో దూది ఉండ పెట్టుకుని అది పడకుండా గోడదాకా నడుస్తారు. పాట ఆగగానే పరిగెత్తి కుర్చీల్లో కూలబడతారు, కానీ ఎవరికీ కుర్చీ తక్కువ కాదు, ఎవరూ ఓడిపోరు. ఈసారి అక్కడి టీచరు తాత వేషం నన్ను వేయమంది. దూది గడ్డం తెచ్చి నా చెవులకి తగిలించింది. దూది పెదవులకి ఆనగానే నాకు ఊపిరాడలేదు, లాగి పారేశాను. పాపం ఆ అమ్మాయి బిత్తరపోయి, "ఎలర్జీనా సార్?" అని అడిగింది. అవునన్నాను.

బాల్యం అనగానే కొందరికి కళ్లు చెమ్మగిల్లుతాయి. నాకు ముందు వీపు చురుక్కుమంటుంది. మా పల్లెలో దెబ్బలు తినకుండా పెరిగినవాడు లేడు. బాల్వాడీ నడిపే రత్నమ్మ టీచరు చింతబరికె లేకుండా ప్రార్థన కూడా మొదలుపెట్టేది కాదు. దండం దశగుణం భవేత్ అన్న మాటని ఆవిడ బైబిలు వాక్యంతో సమానంగా నమ్మేది. మిరపకాయలు కోసి వచ్చిన రోజు మా అమ్మ కొడితే ఆ దెబ్బ రెండుసార్లు మండేది, ఒకసారి చేతి జోరుకి, ఇంకోసారి ఆ చేతికంటిన కారానికి. మా నాన్న మమ్మల్ని కొట్టేవాడు, నాన్నని కామందు నోటితో కొట్టేవాడు. కామందు అంటే మా వాళ్లంతా కూలికి పోయే పొలాల యజమాని. పల్లె చివరనే ఆయన గొడ్ల కొట్టం.

అయినా క్రిస్మస్ నెల అంటే మాకు ప్రాణం. నల్లరేగడి మీద మంచు కమ్మి పొద్దెక్కినా వీడేది కాదు. ఆ మంచులోనే ఆడవాళ్లు నడుముకి పాతచీర ఒడి కట్టుకుని పత్తి తీస్తుంటే, పక్క చేలో మిరప అక్కడక్కడ ఎర్రబారుతుండేది. పిడుగురాళ్ల నుంచి వచ్చిన సున్నం కాగులో వేస్తే కుతకుత ఉడికేది, దాంతో గోడలన్నీ తెల్లబడేవి, గోడలతోపాటు మా చేతులూ పొక్కేవి. వెదురుబద్దలతో చుక్కలు కట్టి రంగుకాగితాలు అంటించి చూరుకి వేలాడదీసేవాళ్లు. ఒకింట్లో అరిసెల పాకం పొంగుతుంటే, పక్కింట్లో కోడి మెడ తెగేది. తల తెగిన కోడి ఎవరి గుమ్మందాకా పరిగెత్తుతుందో అని పిల్లలం పందేలు కాసేవాళ్లం. నాలుగేళ్ల పిల్ల కూడా కళ్లు మూసుకునేది కాదు.

క్రిస్మస్ ముందురోజు రత్నమ్మ టీచరు ఆడించే ఆట పేరు హేరోదు ఆట. రాజు పుట్టాడని విని హేరోదు బేత్లెహేములోని పసిబిడ్డల్ని చంపించాడు కదా, బాలయేసు ఒక్కడే ఐగుప్తుకి, అంటే ఈజిప్టుకి, దాటిపోయి బతికాడు, ఆ కథే ఆటంతా. బాల్వాడీ పిల్లలం మేము బిడ్డలం, మా తలలకి ఎర్రకాగితం కిరీటాలు. పెద్దబడిలో చదివేవాళ్లు భటులు. ముఖానికి మసి, చేతిలో ఎండిన పత్తికట్టె. గంట మోగగానే మేము పల్లెలో ఎక్కడైనా దాక్కోవాలి. భటులు ఇంటింటికీ వచ్చి, కట్టెతో తలుపు బాది, "బిడ్డ లోపలున్నాడు, మాకు తెలుసు" అని అరవాలి. ఇంట్లో పెద్దవాళ్లు, బిడ్డ తమ కాళ్ల దగ్గరే నక్కి ఉన్నా సరే, "ఇక్కడ లేడు, ఐగుప్తుకి పోయాడు" అని చెప్పి వాళ్లని తరమాలి. అది నియమం, దాన్ని ముసలివాళ్లు కూడా తప్పేవాళ్లు కాదు. అబద్ధమాడితే బరికె విరగ్గొట్టే టీచరమ్మ ఆ ఒక్కరోజు ఆ ఒక్క అబద్ధాన్ని మెచ్చుకునేది. దొరికిన బిడ్డకి కట్టెతో వీపు మీద దెబ్బలు, ఆటదెబ్బలు కావు, వాతలు తేలేవి. చివరిదాకా దొరకని బిడ్డ ఆ సాయంత్రం గుడిలో, అందరి ముందూ, గడ్డి పరిచిన తొట్టిలో యేసులా పడుకుంటాడు. నాకు ఐదేళ్లు. ఆ తొట్టి తప్ప నాకు లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

ఆ ఏడు భటుల్ని నడిపించే హేరోదు మా మేనత్త కొడుకు సైమను. నాకంటే మూడేళ్లు పెద్ద, వరసకి బావ. పిల్లి ఎలకని పట్టినట్టు పట్టేవాడు. గాదె వెనక, కాగు కింద, కోళ్లగంపలో, ఎక్కడ దాక్కున్నా వాసన చూసినట్టు వచ్చి జుట్టు పట్టి ఈడ్చేవాడు. వాడికి తెలియని చోటు ఏదా అని ఆలోచించి ఆలోచించి కామందు కొట్టంలోకి దూరాను. పల్లె పిల్లలు అందులో అడుగుపెట్టకూడదు కాబట్టి భటులు కూడా రారని నా ధైర్యం.

కొట్టంలో పత్తి కొండలా పోసి ఉంది. దూలానికి పెద్ద గోనె బోరెం వేలాడదీసి అందులో పత్తి తొక్కుతున్నారు. తొక్కేది మా నాన్నే. బోరెంలోకి దిగి కాళ్లతో కుదించి కుదించి తొక్కుతుంటే ఇంకొకాయన గంపతో పైనుంచి పత్తి పోస్తాడు. నేను వెళ్లేసరికి ఇద్దరూ టీకి పోయారు. పత్తిగుట్ట ఎక్కి బోరెంలోకి దూకాను, చేతికందిన పత్తి మీదకి లాక్కున్నాను. లోపల వెచ్చగా, ఎండుటాకు పొడి వాసనగా ఉంది. కాసేపటికి నాన్న గొంతు వినబడింది. సంతోషమేసింది. భటులు వచ్చినా నాన్న ఎలాగూ లేడనే చెబుతాడు.

గంపెడు పత్తి మీద పడింది, తర్వాత ఇంకో గంప. ఆ తర్వాత కాలు. మొదటి అడుగు భుజం మీద పడింది. అరుద్దామని నోరు తెరిస్తే నోటి నిండా పత్తి. రెండో అడుగు చెంప మీద. బోరెంలో ఎక్కడైనా గట్టిగా, ఎగుడుగా తగిలితే అక్కడే మరో నాలుగు సార్లు తొక్కి సమం చేయడం ఆ పనిలోని నేర్పు. మా నాన్న పనిమంతుడు. నా మోకాలు తగిలినచోట మడమతో కుమ్మాడు, నా తల తగిలినచోట రెండు కాళ్లతో ఎగిరి దూకాడు. ముక్కులోంచి ఏదో వెచ్చగా కారి పత్తికి అంటుకుంది.

అప్పుడు సైమను గొంతు విన్నాను. బోరెం పక్కన పడిపోయిన నా కిరీటం వాడి కంటపడిందట.

"మామా, యాకోబుగాడు లోపలున్నాడు."

"ఇక్కడ లేడు, ఐగుప్తుకి పోయాడు. పోరా," అన్నాడు నాన్న నవ్వుతూ, నా మీద నిలబడి.

"ఆట కాదు మామా, ఒట్టు."

"ఒట్టు పెట్టకూడదని మీ టీచరమ్మ చెప్పలా? పో, కామందు చూస్తే తోలు తీస్తాడు."

గంపాయన కూడా నవ్వాడు. ఆ నవ్వుదాకా నాకు తెలుసు, మిగిలింది తర్వాత విన్నది. సైమను చూరులో దోపిన కొడవలి లాగి బోరేన్ని అడుగునుంచి పైకి చీరేశాడు. పత్తి భళ్లున కారి కింద పేడనీళ్లలో పడింది. అప్పుడే కామందు వచ్చాడు. వచ్చీ రాగానే అరచేత్తో వాడి ఎడమ చెవి మీద కొట్టిన దెబ్బకి వాడు గొడ్లు మేత మేసే గాటికి కొట్టుకుని పడ్డాడట. "నా పత్తి మీద కత్తి పెడతావురా" అంటూ పలుపుతాడు మడిచి, పడ్డవాణ్ణి పడ్డట్టే బాదాడు. ప్రతి దెబ్బకీ వాడు ఒకటే మాట, "లోపలున్నాడు, లోపలున్నాడు." బోరెంలో నిలబడి మా నాన్న కూడా వాణ్ణే తిట్టాడు. చీలికలోంచి నా కాలు బయటికి జారేదాకా తిట్టాడు.

నన్ను తలకిందులుగా పట్టుకుని నాన్న వీపు మీద చరుస్తుంటే నోట్లోంచి ఎర్రటి పత్తి ముద్దలు ముద్దలుగా పడిందట. నేను ఏడ్చాక కామందు తాడు కింద పడేశాడు. "ముందే చెప్పొచ్చు కదరా," అన్నాడు సైమనుతో. ఆ తర్వాత, "నిలబడతారేం, పత్తి ఎత్తండి, తడుస్తా ఉంది," అన్నాడు. ఎత్తారు. నన్ను భుజాన వేసుకుని మా నాన్న ఎత్తాడు, పరిగెత్తుకొచ్చిన మేనత్త కూడా ఎత్తింది. అంతకుముందు ఆవిడ కామందు చూస్తుండగా సైమను చెంప పగలగొట్టింది, మళ్లీ ఆయన చెయ్యి లేవకుండా. చెవిలోంచి నెత్తురు కారుతున్న పిల్లాణ్ణి కన్నతల్లి కొట్టింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా రక్తం ఉడుకుతుంది, కోపం మాత్రం ఆవిడ మీద కాదు.

ఆ సాయంత్రం తొట్టిలో గుడ్డబొమ్మని పడుకోబెట్టారు. రత్నమ్మ టీచరు పత్తికట్టెలన్నీ పొయ్యిలో పెట్టేసింది, హేరోదు ఆట మా పల్లెలో మళ్లీ ఆడలేదు. ఏటా పంపినట్టే కామందు గుడికి అరటిగెల పంపాడు, అందరూ తిన్నారు. మా నాన్న ఇంక బోరెంలో కాలు పెట్టలేదు. పత్తి రోజులొస్తే చాలు, సున్నపుబట్టీల పనికని పిడుగురాళ్ల పోయేవాడు, ఆ పొగకే పోయాడు. కామందూ పోయాడు. పోయేదాకా ఒక్కసారైనా సైమను ఎట్టా ఉన్నాడని అడగలేదు. వాడి ఎడమ చెవి ఆనాడే పోయింది.

ఇప్పుడు సైమను బావ నరసరావుపేటలోనే ఆటో తోలుతున్నాడు, మా పాపని బడికి తీసుకెళ్లేది ఆయనే. ఒకసారి అడిగాను, అంత దెబ్బ పడుతుందని తెలిసీ బోరెం ఎందుకు కోశావని.

"నిన్ను కాపాడదామని కాదులేరా," అన్నాడు. "అందరూ దొరికారు, నువ్వొక్కడివే మిగిలావు. మామ తొక్కి చంపితే నేను పట్టుకునేదెవర్ని?"

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు పత్తి తొక్కేవాళ్లు లేరు, విడిపత్తి ట్రాక్టర్లకెత్తి మిల్లుకి తోలుతున్నారు. బాల్వాడీ గోడలు కూలిపోయాయి. చింతబరికె పోయింది, తల లేని కోడి వెనక పరిగెత్తే పిల్లలూ పోయారు. పోయినవాటిలో చాలావాటికి నేను ఏడవను.

నేను పారేసిన గడ్డం ఈ ఏడు సైమను బావే పెట్టుకున్నాడు. చివరి ఆట ఏమిటంటే, పిల్లలు వరసగా వచ్చి తమకేం కావాలో తాత చెవిలో గుసగుసగా చెప్పాలి. మొదటి బాబు వచ్చి ఎడమ చెవిలో ఏదో చెప్పాడు. బావకి వినబడలేదని నాకు తెలిసిపోయింది. "ఊరికే తలూపెయ్యండి తాతగారూ, వాళ్లకి అంతే చాలు, మళ్లీ భోజనాల టైమైపోతుంది," అంది టీచరు.

"వినకుండా ఎట్టా ఊపుతానమ్మా," అన్నాడు బావ. ఆ బాబుని భుజాలు పట్టి ఇవతలికి తిప్పుకుని, కుడి చెవి వంచి, "ఇందులో చెప్పు నాయనా, మళ్లీ చెప్పు," అన్నాడు. అలా ఒక్కొక్కళ్లనీ కుడిపక్కకి తిప్పుకుని, మాట అర్థం కాకపోతే మళ్లీ మళ్లీ చెప్పించుకుని విన్నాడు. భోజనాలు చల్లారిపోయాయి, టీచరు గడియారం చూసుకుంటూనే ఉంది, ఆయన మాత్రం ఆఖరి పిల్ల దాకా కుర్చీలోంచి లేవలేదు.