కట్టెల అక్కకు వేసిన పీట

నా చిన్నప్పుడు మా ఇంట్లో మామిడికాయ తొక్కుకు ఉప్పు కొలిచే చేయి ఒక్కటే ఉండేది. అది మా నాయనమ్మది. దంతాలపల్లి దగ్గర మా ఊళ్ళో మా నాయన వాళ్ళు ముగ్గురు అన్నదమ్ములు. మూడు పొయ్యిలకూ సరిపడా ఏడాది తొక్కు ఒక్కరోజే కలిపేవారు. ముక్కలు కొట్టేవాళ్ళు కొట్టేవారు, ఎల్లిపాయలు ఒలిచేవాళ్ళు ఒలిచేవారు, సోలతో ఉప్పు పోసేది మాత్రం ఆమే.

అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో బడులు మూతపడ్డ ఎండాకాలం అది. మూడో తరగతి సగంలో ఆగిపోయి, నేను రోజంతా ఆమె కొంగు పట్టుకుని తిరిగేదాన్ని. తొక్కు కలిపే రోజు ఉప్పు పోయడం అయిపోయాక వాకిట్లో ఎవరో పిలిచారు. ఆమె వెళ్ళి, మాట్లాడి, తిరిగొచ్చి, మళ్ళీ మొదటి నుంచి ఉప్పు పోసింది. నేను పక్కనే ఉన్నాను, కళ్ళారా చూశాను. కానీ నోరు తెరవలేదు. నాయనమ్మకు తప్పు చెప్పడమేమిటి?

నాలుగో రోజు జాడీ మూత తీస్తే ఎవరూ నోట్లో పెట్టలేకపోయారు. మా పెద్దమ్మ చెడ్డది కాదు. ప్రేమగానే అంది: "ఇగ నీకెందుకు అత్తమ్మా గీ తిప్పలు? మంచంల కూసో. మేం చేసుకుంటం." అంతే, ఆ రోజు నుంచి అరుగు మీద మంచం, మంచం మీద నాయనమ్మ. చేతిలోంచి చాట తీసుకున్నారు, చీపురు తీసుకున్నారు. వానలు పడేనాటికి ఆమె నన్ను మా అక్క పేరుతో పిలవడం మొదలుపెట్టింది. తను తిన్నదో లేదో మమ్మల్నే అడిగేది. ఒక మధ్యాహ్నం నా చేయి పట్టుకుని మెల్లగా అంది. "బిడ్డా, నా మతి పోతున్నదే. గిట్ల కూసుంటే ఇంకా జల్ది పోతది."

వారానికోసారి లంబాడీ తండా నుంచి ఒకామె కట్టెల మోపు తెచ్చేది. నేను కట్టెల అక్క అనేదాన్ని. మోపు దించి, వాకిట్లోనే నేల మీద కూర్చుని, నీళ్ళు తాగి వెళ్ళిపోయేది. ఆ వారం నాయనమ్మ మంచం మీంచి అడిగింది.

"నీళ్లను మీ బాసల ఏమంటరే?"

కట్టెల అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీకెందుకు పటేలమ్మా?"

"నేర్సుకుంట."

నీళ్ళు పాణి, రొట్టె బాటి, తల్లి యాడి. అట్లా వారానికి మూడు మాటలు. సాయంత్రం పూట నేను అడగాలి, ఆమె అప్పజెప్పాలి. పెద్దమ్మ వంటింట్లోంచి వినేది. "గీ వయసుల గా బాసెందుకు అత్తమ్మా? తండాల ఎవలికన్న సంబంధం మాట్లాడతవా?" అని నవ్వేది.

నెల గడిచినా నాయనమ్మ ముందుకు పోలేదు. ఎందుకో నాకు అర్థమైంది. ఆమె ఏం పలికినా కట్టెల అక్క తల ఊపేది. తప్పు పలికినా "అవ్ పటేలమ్మా, గంతే" అనేది. కట్టెలు కొనే ఇంటి పెద్దావిడను ఎవరు కాదంటారు? ఈసారి నాకు కడుపులో దాచుకోవడం చేతకాలేదు.

"నాయనమ్మా, నువ్వు తప్పన్నా ఆమె అవునంటున్నది. అది తప్పని నాకు కూడా తెల్సు. గా ఉప్పు కూడా నువ్వు రెండుసార్లు పోసినవు, నేను చూసిన."

కొడుతుందనుకున్నాను. ఆమె కోపపడలేదు. "అప్పుడే చెప్పకపోతివి బిడ్డా" అని మాత్రం అంది.

మరుసటి వారం మోపు దిగగానే నాయనమ్మ మంచం దిగింది. లోపల్నుంచి పీట తెచ్చి అరుగు మీద వేసింది. తను కింద మెట్టు మీద కూర్చుంది. "పైకి వచ్చి కూసో" అంది. కట్టెల అక్క భయంతో రెండడుగులు వెనక్కి వేసింది. పెద్దమ్మ పరుగున వచ్చింది. "ఇదేంది అత్తమ్మా? ఊరోళ్లు చూస్తే ఏమంటరు?"

"పంతులు కింద, పిల్లలు కుర్సీల మీద కూసునే బడి ఏడన్న చూసినవానే?" అంది నాయనమ్మ. ఆ తర్వాత కట్టెల అక్క వైపు తిరిగింది. "నేను తప్పు మాట్లాడితే తప్పని చెప్పు. చెప్పకుంటే నాకు రాదు. నాకున్న మతి కూడా ఉండదు."

కట్టెల అక్క పీట అంచున కూర్చుంది, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు. నాయనమ్మ ఆమెను రొట్టె తిన్నావా అని అడగబోయి, బాటికి బదులు యాడి అనేసింది. మీ అమ్మను తిన్నావా అని అడిగినట్టయింది. కట్టెల అక్క ఆపుకోలేకపోయింది. "తప్పు! తప్పు పటేలమ్మా! మా అవ్వను తింటనా నేను?" అంటూ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నాయనమ్మ కూడా మెట్టు పట్టుకుని నవ్వింది. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాటను నాయనమ్మ మళ్ళీ ఎన్నడూ తప్పు పలకలేదు.

మతి మొత్తం తిరిగొచ్చిందని చెప్పను. నన్ను అక్క పేరుతో పిలవడం చివరిదాకా పోలేదు. కానీ మంచం మాత్రం పగలంతా ఖాళీగా ఉండేది. మరుసటి ఏడు నాట్లకు తండా ఆడవాళ్ళు వస్తే, కర్ర పట్టుకుని పొలం ఒడ్డు మీదికి వెళ్ళి వాళ్ళతో వాళ్ళ మాటల్లోనే ముచ్చట పెట్టింది. వాళ్ళు ప్రతి మాటనూ దిద్దారు. ఆమె ప్రతి దిద్దుబాటునూ తిరిగి పలికింది.

వయసు పెరిగే కొద్దీ మన చుట్టూ తల ఊపేవాళ్ళే మిగులుతారు. గౌరవమనుకుని మురిసిపోతాం గాని, బుర్ర అక్కడే మొద్దుబారుతుంది. నాకు అరవై దాటాక ఇది తెలిసొచ్చింది. నిరుడు ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఒక అక్షరాన్ని ఇంకో అక్షరమంటే నా కోడలు చేస్తున్న పని ఆపి మరీ నవ్వుతుంది. నవ్వకు అని నేను ఇంతవరకు అనలేదు.