పాత నంబరు

కుట్టేది ఆయన, కొలిచేది ఆవిడ. టైలరుగారి సంసారమూ దుకాణమూ ముప్పై ఏళ్లు అలాగే నడిచాయి. ఆడవాళ్లు ఇంటికొచ్చి ఆవిడకు కొలతలిచ్చి వెళ్లేవాళ్లు. రాయడమంటే ఆవిడకు బద్ధకం. ఫోను కొన్నాక, గొంతు రికార్డు చేసి దుకాణానికి పంపడం మొదలెట్టింది.

"చెయ్యి పద్దెనిమిది, నడుము ముప్పై నాలుగు. ముప్పై రెండని చెప్పమంది, మీరు మాత్రం నిజమే కుట్టండి. అన్నం తిన్నారా?"

ఫోను నిండినప్పుడల్లా ఆయన తన దగ్గరున్నవి చెరిపేసేవాడు. ఆవిడ ఆన్‌లైన్ ఖాతాలో అన్నీ ఉన్నాయి కదా అని ధీమా.

ఆవిడ పోయి ఆరు నెలలైంది. ఆయనకు లోపలంతా మొద్దుబారిపోయింది. పొద్దున్నే మిషను తొక్కుతాడు, చీకటిపడ్డాక ఆపుతాడు, అంతే. బావమరిది పెద్దరికం నెత్తినేసుకుని, అక్క ఫోనులో ఉన్నదంతా తుడిచి తన కూతురికిచ్చాడు. నంబరు కూడా రద్దు చేయించాడు. ఈయన గంగిరెద్దులా తలూపాడు.

ఆవిడ ఖాతా తెరిచినప్పుడు ఈయన మెయిలే ఇచ్చారు; ఇప్పుడు ఆ కంపెనీ నుంచి ఈయనకు మెయిలు వచ్చింది. ఖాతాను ఎవరూ వాడటం లేదట, శుక్రవారం చెరిపేస్తారట. ఆ గొంతు ఇంకెక్కడా మిగల్లేదని అప్పుడు తెలిసొచ్చింది. నేను భర్తనని రాశాడు. సొంతదారే అడగాలని జవాబిచ్చారు. సగం ఊరి ఆడవాళ్ల నడుం కొలతలు దాచుకున్న కంపెనీకి భర్త మాత్రం పరాయివాడు! లోపలికి వెళ్లాలంటే కోడ్ కావాలి, అది పాత నంబరుకే వస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కోడ్ పంపమని నొక్కి, ఆ నంబరుకే ఫోను చేశాడు.

రద్దయిన నంబరు ఇంకొకరికి వెళ్లినట్టుంది, ఎవరో అమ్మాయి ఎత్తింది.

"అది మా ఆవిడ నంబరమ్మా. ఇప్పుడో కోడ్ వచ్చుంటుంది, కాస్త చదివి చెప్తారా?"

"కోడ్ ఎవరికీ చెప్పకూడదండీ. ఆవిడనే మాట్లాడమనండి."

"ఆవిడ... ఇక్కడ లేదమ్మా."

"వచ్చాక చేయించండి. అన్నట్టు, ఆవిడ కోసం రోజూ ఎవరో ఒకరు చేస్తున్నారు, కొలతలివ్వడానికి ఎప్పుడు రమ్మంటారని. నేనేం చెప్పను?"

"చచ్చిపోయిందని చెప్పమ్మా."

ఆరు నెలల్లో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. అమ్మాయి ఒక్కో అంకే చదవసాగింది. ఆయనకు ఏడుపు ముంచుకొచ్చింది. చేతిలో కలం ఉంది గాని ఒక్కటీ రాసుకోలేకపోయాడు.

"మళ్లీ చెప్పమ్మా," అన్నాడు.

అమ్మాయి మళ్లీ మొదటి నుంచి చదివింది.